పత్తి కట్టె కొట్టే స్లాషర్: బ్లేడ్లు, పీటీఓ షాఫ్ట్ ఎలా చూసుకోవాలి

"కొత్త బ్లేడ్లే వేశాం, అయినా మెషిన్ ఊగుతోంది." "నెలకో క్రాస్ పోతోంది." "షియర్ బోల్టు తెగుతూనే ఉంది, గట్టి బోల్టు వేయొచ్చా?" పత్తి ఏరడం అయిపోయి చేలల్లో కట్టె మిగిలే రోజుల్లో ఆదిలాబాద్ జిల్లా బేల, జైనథ్, భీంపూర్ రైతుల నుంచి ఇవే ప్రశ్నలు. అటు కిన్వట్‌లోనూ, పెన్‌గంగ దాటితే పాండర్‌కవడాలోనూ ఇవే.

క్రాస్ అంటే షాఫ్ట్ కొసన వంగే కీలులో ఉండే ప్లస్ గుర్తు ఆకారపు ముక్క. షియర్ బోల్టు అంటే భారం ఎక్కువైతే తాను తెగి గేర్లను కాపాడే బోల్టు. మూడింటికీ మూలం ఒక్కటే. ఈ మెషిన్‌లో కొన్ని భాగాలు తేలిగ్గా తిరగాలి, కొన్ని అసలు కదలకూడదు. బ్లేడు తన బోల్టు మీద తిరగాలి, ఆ బోల్టు కదలకూడదు. పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ వెనక నుంచి మెషిన్‌కు తిప్పే శక్తి తెచ్చే ఇరుసు) గొట్టాలు ఒకదాంట్లో ఒకటి జారాలి, షాఫ్ట్ లాకు ఊడకూడదు. బ్లేడుకు రాయి తగిలితే క్లచ్ ప్లేటు జారాలి, మామూలుగా కోసేటప్పుడు జారకూడదు. ఇది తారుమారైన చోటే రిపేరు వస్తుంది. కింది పనులన్నీ చేసేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకోండి.

ఇక్కడ చెప్పేది మధ్యలో నిలువు గేర్‌బాక్స్, దాని కింద గుండ్రటి పళ్ళెం, పళ్ళేనికి రెండు ఊగే బ్లేడ్లు ఉండే స్లాషర్ గురించి. అడ్డంగా రోటర్ తిరిగే మల్చర్ మీదైతే బ్లేడ్ల భాగం కొంచెం వేరు, దాని సంగతి కింద ఉంది. షాఫ్ట్ పని మాత్రం రెండింటికీ ఒకటే.

ఏమేం కావాలి

గ్రీజ్ గన్, లిథియం మల్టీపర్పస్ గ్రీజు. ఈపీ 90 గేర్ ఆయిల్. బ్లేడ్ బోల్టుకు సరిపోయే రింగ్ పానా లేదా సాకెట్, దానికి మీటరు పొడవు ఇనుప పైపు. గ్రైండర్, లేకపోతే పెద్ద ఆకురాయి. వైర్ బ్రష్, కటింగ్ ప్లేయర్, సుత్తి, కొంచెం పెయింటు. గ్రాములు చూపించే కాటా, కిరాణా కొట్టులోదైనా చాలు. మెషిన్ కింద పెట్టడానికి మందపాటి చెక్క దిమ్మెలు నాలుగు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు. ఇవి కాక మీ మెషిన్‌తో వచ్చిన పుస్తకం కావాలి. బిగింపు లెక్కలు, బోల్టు గ్రేడు అందులోవే నమ్మాలి.

మొదటి పని ఇది, దీన్ని దాటేసి ముందుకు వెళ్ళొద్దు

1. పీటీఓ ఆపండి. ఇంజిన్ ఆపండి. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. పీటీఓ ఆపాక కూడా పళ్ళెం బరువుకు బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి, పూర్తిగా ఆగేదాకా దగ్గరికి వెళ్ళకండి. మెషిన్ లేపి చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టండి. హైడ్రాలిక్ మీద వేలాడుతున్న స్లాషర్ కిందికి ఎప్పుడూ దూరకండి. లోపల సీలు అరిగిన లిఫ్టు ఉన్నట్టుండి దిగిపోతుంది. లివర్‌కు చెయ్యి తగిలినా అంతే. తలకు కట్టుకున్న రుమాలు, వదులు చొక్కా, ధోవతి కొంగు ఈ పనికి పనికిరావు. పీటీఓ షాఫ్ట్ సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. గుడ్డ కొస అంటుకుంటే విడిపించుకునే వ్యవధి ఉండదు.

అడుగు భాగం శుభ్రం చేయడం

2. మెషిన్ అడుగున అంటిన నల్లరేగడి మట్టిని గీకి తీసేయండి. తడి చేలో పనిచేసి అలాగే వదిలేస్తే మట్టి ఒక పక్కనే రాయిలా గట్టిపడుతుంది. పళ్ళెం మీద అలా గట్టిపడ్డ మట్టి కిలో ఉన్నా ఊపు మొదలవుతుంది. బ్లేడ్లే కారణమనుకుని కొత్త జత కొన్న చాలామందికి అసలు తేడా ఈ మట్టిలోనే ఉంది.

3. పళ్ళేనికీ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న ఇరుసును టార్చి వేసి చూడండి. అడవి పందుల కోసం చేను చుట్టూ కట్టిన పాత చీరలు, జీఐ తీగ, డ్రిప్ పైపు ముక్కలు, ఎరువుల సంచి దారాలు చుట్టుకునేది అక్కడే. చీర దారం సన్నగా సాగి సీలు అంచు కిందికి చొచ్చుకుపోతుంది. పైకి నల్లటి గ్రీజు ముద్దలా కనిపిస్తుంది, ప్లేయర్‌తో లాగితే మూర పొడవు పోగు వస్తుంది. దాన్ని వదిలేస్తే కింది సీలు తెగి ఆయిల్ కారిపోతుంది, ఆ తర్వాత బేరింగ్, ఆపైన గేర్. కట్టె కొట్టే ముందు చేను గట్టు వెంట ఒకసారి నడిచి చీరలు, తీగలు తీసేయడానికి పట్టేది అరగంట. గేర్‌బాక్స్ విప్పితే రెండు రోజులు పోతాయి.

బ్లేడ్లు చూడటం

4. ముందు రెండు బ్లేడ్లనూ చేత్తో ఊపండి. బోల్టు చుట్టూ తేలిగ్గా తిరగాలి. రాయి తగిలినప్పుడు వెనక్కి మడుచుకుపోవడానికే వాటిని అలా బిగించారు. ఒకటి మట్టితోనో తుప్పుతోనో పట్టేస్తే, తిరిగేటప్పుడు అది పూర్తిగా బయటికి చాచుకోదు. రెండో బ్లేడు చాచుకుంటుంది. ఊపుకు ఇది చాలా మామూలు కారణం.

5. బ్లేడును పట్టుకుని పైకీ కిందికీ కదిలించండి. బ్లేడు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగినా, బోల్టు మెడ దగ్గర గోరు తట్టేంత మెట్టులా అరిగినా బోల్టు, నట్టు, బ్లేడు అన్నీ మార్చేయండి. పగులు ఉందేమో బోల్టు రంధ్రం చుట్టూ, బ్లేడు వంపు తిరిగే చోట చూడండి. వైర్ బ్రష్‌తో రుద్దితే పగులు వెంట్రుక గీతలా కనిపిస్తుంది.

పగిలిన బ్లేడుకు వెల్డింగ్ పెట్టించొద్దు. వంగిన దాన్ని కొలిమిలో కాల్చి సరిచేయించొద్దు. బ్లేడును ఒక లెక్క ప్రకారం కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. మళ్ళీ కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది, లేదా గాజులా పెళుసవుతుంది. పాత కమాను పట్టీతో చేయించిన బ్లేడ్లు చవకగా దొరుకుతాయి. వాటికి మేం ఒప్పుకోం. అయిదడుగుల వెడల్పు స్లాషర్‌లో పళ్ళెం నిమిషానికి 1000 సార్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు 280 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో విరిగిన ముక్క ఎటు పోతుందో, ఎవరికి తగులుతుందో ఎవరూ చెప్పలేరు.

6. బ్లేడు విప్పకముందే పెయింటుతో గుర్తు పెట్టండి. ఒక బ్లేడుకూ, అది ఉన్న చోటుకూ ఒక చుక్క, రెండోదానికి రెండు చుక్కలు. పై ముఖం ఏదో కూడా రాయండి. చాలా మెషిన్లలో పై కప్పుకు చిన్న కిటికీలాంటి రంధ్రం ఉంటుంది. పళ్ళేన్ని చేత్తో తిప్పి నట్టును ఆ రంధ్రం కిందికి తెస్తే పైనుంచే పానా పడుతుంది.

పదును పెట్టడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

7. స్లాషర్ బ్లేడుకు గొడ్డలి పదును అక్కర్లేదు. అది కోసేది వేగంతో. అంచును కత్తిలా సన్నం చేస్తే మొదటి రాయికే పళ్ళు పడుతుంది, లేదా అంచు మడత పడుతుంది. అంచు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం మిగలాలి. ఇప్పటి రూపాయి బిళ్ళ మందం దాదాపు అంతే, అంచు పక్కన బిళ్ళను నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

8. వాలు ఉన్న పై ముఖాన్నే గ్రైండ్ చేయండి. అడుగు ముఖం చదునుగా ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చిన వాలు ఎంత ఉందో అంతే ఉంచండి. కొసకు చిన్న రెక్కలా పైకి లేచిన భాగం ఉంటే దాన్ని తగ్గించకండి, కట్టెను పైకి లాగేది ఆ రెక్కే.

9. గ్రైండర్‌ను ఒకే చోట ఆపొద్దు. ఒక కొస నుంచి రెండో కొసకు పొడవుగా లాగుతూ, మధ్యమధ్య ఆపుతూ చేయండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడి గట్టిదనం పోయినట్టే, ఆ భాగం రెండు ఎకరాలు కూడా నిలవదు. వేడెక్కిన బ్లేడును నీళ్ళలో ముంచకండి, గాలికి చల్లారనివ్వండి. రాళ్ళు తగిలి పడ్డ చిన్న నొక్కులను పూర్తిగా పోగొట్టాలని లోతుగా అరగదీయొద్దు. అవి ఉన్నా కోత ఆగదు, లోహం మాత్రం వృథా అవుతుంది.

10. రెండు బ్లేడ్లకూ ఒకేసారి పదును పెట్టి, రెండింటినీ కాటా మీద తూచండి. తేడా 25 గ్రాములకు మించకుండా చూసుకోండి. బరువైనదాన్ని పదును వైపే ఇంకొంచెం అరగదీయండి. బోల్టు రంధ్రం దగ్గరగానీ వెనక అంచునగానీ కోయొద్దు. ఒకటి ఎక్కువ అరిగి సరిచేయడానికి వీల్లేకపోతే జతగా మార్చండి. ఒక కొత్త బ్లేడు, ఒక పాత బ్లేడు కలిపి నడపడం వల్ల మిగిలే డబ్బు గేర్‌బాక్స్ బేరింగులకు పోతుంది.

బిగించడం

11. తిరిగే దిక్కు ముందు చూసుకోండి. షాఫ్ట్‌ను పీటీఓ తిరిగే దిక్కున చేత్తో తిప్పి పళ్ళెం ఎటు కదులుతుందో చూడండి, పదునైన అంచు అటు ముందుండాలి. బ్లేడు తిరగబడి పడితే మొండి వీపుతో కట్టెను కొడుతుంది. డీజిల్ తాగుతుంది, కట్టె నలుగుతుంది, తెగదు.

12. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండేవి) ఒకసారి విప్పితే కొత్తవే వేయండి. బోల్టు మెడ మీద మట్టి, తుప్పు లేకుండా తుడవండి. బోల్టును పళ్ళెంలోని గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి నట్టు ఎక్కించండి. బిగింపు పుస్తకంలో రాసినంత. ఆ అంకె చాలా పెద్దగా ఉంటుంది. ఉదాహరణకు 450 అడుగు-పౌండ్లు అని ఉంటే దాదాపు 610 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా లేకపోతే ఉజ్జాయింపు ఇది: పానాకు పైపు తొడిగి, నట్టు మధ్య నుంచి సరిగ్గా మీటరు దూరంలో 60 కిలోల మనిషి తన బరువంతా ఆనిస్తే దాదాపు 590 న్యూటన్ మీటర్లు పడుతుంది. మీ పుస్తకంలో సగమే రాసి ఉంటే అర మీటరు దగ్గర ఆనించండి. రాట్చెట్‌కు పైపు తొడగకండి, లోపలి పళ్ళు విరుగుతాయి.

బిగించాక బ్లేడును మళ్ళీ ఊపండి. తిరగాలి. తిరగకపోతే బోల్టు మెడ సైజు తప్పు, లేదా మధ్యలో ఏదో ఇరుక్కుంది. గంట పని చేశాక ఆపి, ఆ నట్లను ఇంకోసారి పట్టి చూడండి. ఈ రెండోసారి చూడటం మానేసిన చోటే బ్లేడు ఊడి ఎగిరిపోతుంది.

పీటీఓ షాఫ్ట్, క్రాస్‌లు

13. క్రాస్‌లకు ఎనిమిది గంటల పనికి ఒకసారి, అంటే రోజూ గ్రీజు పెట్టాలి. గ్రీజు ఎక్కించే నిప్పల్ మీది మట్టి తుడిచి, క్రాస్ నాలుగు కొసల్లో ఉండే కప్పుల అంచుల్లోనూ గ్రీజు తొంగిచూసేదాకా పంపు చేయండి. మూడింట్లో కనిపించి ఒక దాంట్లో రాకపోతే ఆ కప్పు ఎండిపోతున్నట్టే. షాఫ్ట్‌ను ఆ కప్పుకు ఎదురు దిక్కుకు నొక్కి పట్టి మళ్ళీ పంపు చేయండి. అయినా రాకపోతే విప్పి చూడాల్సిందే. "పది స్ట్రోకులు కొట్టా, చాలు" అనే లెక్క క్రాస్‌లకు పనికిరాదు.

14. రెండు యోక్‌లను (క్రాస్‌ను రెండు పక్కల నుంచి చెవులతో పట్టి ఉంచే భాగాలు) రెండు చేతులతో పట్టుకుని ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు మెలిపెట్టండి. టక్కుమని కదిలితే క్రాస్ మార్చాలి. కప్పు చుట్టూ ఎర్రటి పొడి కనిపించినా అంతే, లోపల సూది బేరింగులు తుప్పుపట్టి నలుగుతున్నాయి.

క్రాస్ కొనడానికి ట్రాక్టర్ కంపెనీ పేరు చెబితే సరిపోదు. కప్పు వ్యాసం, ఒక కప్పు కొస నుంచి ఎదుటి కప్పు కొస దాకా పొడవు కొలవండి. షాపులో 27×74.6, 30.2×80 అని ఇలాగే రాసి ఉంటుంది. పాతది వెంట తీసుకెళ్ళడం ఇంకా మంచిది. కొత్తది వేసేటప్పుడు నిప్పల్ గ్రీజ్ గన్‌కు అందే వైపు ఉండాలి. కప్పులో ఒక్క సూది అడ్డంగా పడినా లాక్ గాడిలో కూర్చోదు. అప్పుడు సుత్తితో బలవంతం చేయకుండా కప్పు తీసి సూదులు సర్దండి. నాలుగు లాకులూ గాడిలో పడ్డాక యోక్ చెవుల మీద మెల్లగా తట్టితే క్రాస్ వదులై హాయిగా తిరుగుతుంది.

15. షాఫ్ట్ రెండు గొట్టాలనూ విడదీయండి. పాత గ్రీజు దుమ్ముతో కలిసి ఆకురాయిలా పనిచేస్తుంది, పూర్తిగా తుడిచి కొత్తది పూయండి. ఎండు చేలల్లో ఇది కూడా రోజువారీ పనే. గొట్టాలు జారకపోతే మెషిన్ పైకి లేచి దిగిన ప్రతిసారీ ఆ తోపుడు గేర్‌బాక్స్ బేరింగ్ మీద, ట్రాక్టర్ పీటీఓ బేరింగ్ మీద పడుతుంది.

మళ్ళీ కలిపేటప్పుడు గొట్టాలకు అతికి ఉన్న రెండు లోపలి యోక్‌ల చెవులు ఒకే వరసలో ఉండాలి. చతురస్రపు గొట్టాన్ని నాలుగు రకాలుగా దూర్చవచ్చు, అందులో రెండు తప్పు. తప్పుగా దూరిస్తే షాఫ్ట్ ప్రతి చుట్టులోనూ కుదుపుతుంది. "నెలకో క్రాస్" ఫిర్యాదులో ముందు చూడాల్సింది ఇదే. విడదీయకముందే రెండు గొట్టాల మీదా ఒక పెయింటు గీత గీసేయండి.

16. పొడవు కొలవండి. స్లాషర్‌ను ఒకరి ట్రాక్టర్ నుంచి ఇంకొకరి ట్రాక్టర్‌కు మార్చినప్పుడల్లా ఇది తప్పదు. మన దగ్గర కిరాయికి తిరిగే మెషిన్లే ఎక్కువ కాబట్టి మరీ ముఖ్యం. మెషిన్‌ను మెల్లగా లేపుతూ దించుతూ షాఫ్ట్ అతి పొట్టిగా అయ్యే చోట ఆపండి. అక్కడ గొట్టం అడుగు తగలడానికి ఇంకా 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అతి పొడవుగా సాగే చోట గొట్టాలు కనీసం మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. పొడవు ఎక్కువైతే లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ తొడుగులు అన్నింటినీ సమానంగా కోయండి. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేసి, ఇనుప పొడి తుడిచి, గ్రీజు పూసి కలపండి.

17. ప్లాస్టిక్ తొడుగు తీసేసి నడపకండి. గ్రీజు పెట్టడానికి అడ్డమని చాలామంది కోసి పారేస్తారు, ప్రాణం పోయే ప్రమాదం అక్కడ ఉంది. ఇంజిన్ ఆపి తొడుగును చేత్తో తిప్పితే షాఫ్ట్‌తో సంబంధం లేకుండా తిరగాలి. దాని గొలుసు మెషిన్‌కు కట్టి ఉండాలి.

షియర్ బోల్టు లేదా స్లిప్ క్లచ్

18. షియర్ బోల్టు తెగడానికే ఉంది. దాని తలమీద 4.6, 8.8 వంటి అంకెలు ఉంటాయి. పుస్తకం చెప్పిన సైజు, చెప్పిన గ్రేడే వేయండి. 4.6 ఉండాల్సిన చోట 8.8 వేస్తే బోల్టు నిలుస్తుంది, బదులుగా గేర్ పన్ను విరుగుతుంది. మేకు ముక్క, వెల్డింగ్ రాడ్ ముక్క అసలే వద్దు. పదే పదే తెగుతుంటే మూడు చూడండి: యాక్సిలరేటర్ ఎక్కువ పెట్టి పీటీఓ వేస్తున్నారా, బోల్టు రంధ్రం సాగి బోల్టు వంగుతోందా, ఒక్కసారే ఎక్కువ కట్టె మీదికి వెళ్తున్నారా.

19. స్లిప్ క్లచ్ ఉంటే సీజన్ మొదట్లో తప్పకుండా జార్చి చూడాలి. వానాకాలమంతా షెడ్డులో ఉన్న క్లచ్ ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. బయటికి బాగానే కనిపిస్తుంది, రాయి తగిలిన రోజు జారదు. ఇలా చేయండి: స్ప్రింగ్ నట్లన్నీ సమానంగా వదులు చేయండి, ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి. ప్లేట్ల అంచుల మీదుగా ఒక నిలువు పెయింటు గీత గీయండి. మెషిన్‌ను నేలకు దించి, ఇంజిన్ తక్కువ వేగంలో పీటీఓ రెండు మూడు సెకన్లు వేసి ఆపేయండి. అన్నీ ఆగాక చూస్తే గీత ముక్కలుగా జరిగి ఉండాలి. ఏ రెండు ప్లేట్ల మధ్య గీత అలాగే కలిసి ఉందో అవి అతుక్కున్నాయి, విప్పి తుప్పు గీకాలి. తర్వాత నట్లను రాసుకున్న చుట్లే తిరిగి బిగించండి. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలేలా బిగిస్తే క్లచ్ లేనట్టే. ఈ ప్లేట్లకు గ్రీజు, ఆయిల్ తగలనివ్వొద్దు.

గేర్‌బాక్స్

20. సమతలం మీద నిలిపి లెవెల్ బిరడా దాకా ఈపీ 90 ఉందో చూడండి. కొత్త మెషిన్‌కు మొదటి 50 గంటలకు ఆయిల్ మార్చాలి, తర్వాత పుస్తకం ప్రకారం లేదా సీజన్‌కు ఒకసారి. పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయి. సీలు మార్చినా ఆయిల్ కారుతుంటే పైన ఉండే గాలి బిరడా చూడండి. అది మట్టితో మూసుకుపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీలు నుంచే బయటికి తోసుకొస్తుంది.

నడిపి చూడటం

21. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకోండి. పొయ్యిలోకి కట్టె ఏరుకునేవాళ్ళు మెషిన్ వెనకే నడుస్తుంటారు. రాయి వంద మీటర్లు కూడా ఎగురుతుంది, వాళ్ళను ఆ చేలోంచే పంపించాకే మొదలుపెట్టండి. ఇంజిన్ తక్కువ వేగంలో పీటీఓ వేయండి. బ్లేడ్లు చాచుకునేటప్పుడు రెండు మూడు టకటకలు వస్తాయి, అది మామూలే. తర్వాత మెల్లగా పీటీఓ 540 వేగానికి తీసుకెళ్ళండి. ఊపు వస్తే వెంటనే ఆపి ఈ వరుసలో వెతకండి: పళ్ళెం మీద మట్టి, పట్టేసిన బ్లేడు, బరువు తేడా, యోక్ వరస, వంగిన బ్లేడు. చివరిదానికి, ఒక దిమ్మెను స్థిరంగా పెట్టి, పళ్ళేన్ని చేత్తో తిప్పుతూ రెండు బ్లేడ్ల కొసలకూ దిమ్మెకూ మధ్య దూరం కొలవండి. అర అంగుళం తేడా వచ్చిందంటే బ్లేడో పళ్ళెమో వంగింది.

22. మెషిన్ ముందు అంచు వెనక అంచు కన్నా 20 నుంచి 25 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా టాప్ లింక్ సర్దండి. వెనక కిందికి ఉంటే కోసిన కట్టెనే మళ్ళీ మళ్ళీ కొడుతూ డీజిల్ కాలుస్తుంది.

23. పదును సంగతి తేల్చేది మోడే. పది అడుగులు కోసి, ఆపి, వంగి చూడండి. మోడు పైన కోత శుభ్రంగా ఉంటే సరే. బెరడు పీచులు పీచులుగా చీలి కిందికి వేలాడుతుంటే బ్లేడు మొండిదైంది, తిరగబడింది, లేదా పీటీఓ వేగం తక్కువైంది. మోడు ఏటవాలుగా సూదిలా మిగిలితే ట్రాక్టర్ ముందు టైరుకు దెబ్బ.

24. గంట పని తర్వాత అంతా ఆపి, తాళం తీసి, ఒక్కో క్రాస్ నాలుగు కప్పులనూ చేతి వెనక భాగంతో ఒక్కొక్కటిగా ముట్టుకోండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతుంటే ఆ కప్పులో గ్రీజు లేదు.

చేను మలుపులో మెషిన్ పైకి లేపేటప్పుడు పీటీఓ ఆపండి. లేచిన మెషిన్‌కు షాఫ్ట్ కోణం ఎక్కువవుతుంది, ఆ కోణంలో తిరిగితే మంచి క్రాస్ కూడా నిలవదు.

మల్చర్ ఉన్నవాళ్ళకు

రోటర్‌కు వేలాడే వై బ్లేడ్లు లేదా సుత్తులు చాలా ఉంటాయి కాబట్టి ఒకటి విరిగితే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని కూడా మార్చండి. లేకపోతే రోటర్ బరువు ఒక పక్కకు పోతుంది. బెల్టు బిగింపు, రోటర్ రెండు కొసల బేరింగులు రోజూ చూడాలి. చీర దారాలు ఈ బేరింగుల దగ్గరే చుట్టుకుంటాయి.

సీజన్ అయిపోయాక

మెషిన్ కడిగి ఆరబెట్టి బ్లేడ్లకు పాత ఇంజిన్ ఆయిల్ పూయండి. క్రాస్‌లకు కొత్త గ్రీజు నింపితే లోపలి నీరు బయటికి పోతుంది. షాఫ్ట్ విప్పి నేలమీద పడేయకుండా గోడకు వేలాడదీయండి. స్లిప్ క్లచ్ స్ప్రింగులు వదులు చేసి ఉంచండి, చుట్ల లెక్క మెషిన్ మీదే పెయింటుతో రాయండి. మళ్ళీ కట్టె కొట్టే రోజు ఆ నట్లు బిగించకుండా పీటీఓ వేయకండి.